ఇరవైకి ఆరు

అంకె వేసి మీట నొక్కాడు. నొక్కిన వేలు ఇంకా మీటమీదే ఉంది, తెర నల్లబడింది. పంకా రెక్కలు అలవాటు కొద్దీ ఇంకొన్ని చుట్లు తిరిగి, ఇక మావల్ల కాదన్నట్టు ఆగాయి. పక్కింటి రేడియోలో పాడుతున్న ఆడగొంతు పల్లవి మధ్యలో తెగింది, కింది అంతస్తులో ఎవరిదో ఫ్రిజ్ ఒక్కసారి వణికి ఊరుకుంది, ఆ తరువాత వీధి వీధంతా, తిట్టూ నవ్వూ కలిసిన ఒకే ఊపిరితో, "పోయిందీ" అన్నది. ఓస్నియెల్ మాత్రం తన వేలిని తానే చూసుకుంటున్నాడు. వెళ్ళిందా? వెలుగు ఆరకముందు ఆ అంకె తీగ దాటిందా? ఈ కిటికీలోంచి బయలుదేరి, మంగలి ఫెర్మీన్ బాల్కనీ అంచునుంచి, నీళ్ళ ట్యాంకుల మీదుగా, బట్టలారేసే దండేలతో చిక్కుపడి, పెద్దవీధి అవతల ఇంకా కరెంటున్న ఇళ్ళ వైపు పాకిపోయే ఆ నల్లటి తీగలో ఒక పద్నాలుగు ప్రయాణం చేసిందా, లేక ఈ గదిలోనే, ఈ వేలి కిందే, ఊపిరాడక చచ్చిందా? మార్పు నమోదైంది అని పచ్చటి అక్షరాలు రావాలి. ఎప్పుడూ వస్తాయి, ఒక రెప్పపాటు ఆలస్యంగా వస్తాయి. సరిగ్గా ఆ రెప్పపాటునే కరెంటు తనతో పట్టుకుపోయింది.

ఏడింటికి ఆట. ఆట అంటే ఎవరూ పరుగెత్తరు, ఎవరి మోకాలూ చీరుకుపోదు. పెద్దవీధి అవతల మిగ్దాలియా అనే అమ్మాయి ఇంట్లో, మంచం పక్కన, వెచ్చగా గురకపెట్టే ఒక పాత కంప్యూటరు రెండు జట్ల అంకెలనూ నోట వేసుకుని నమిలి, అరగంటసేపు ఒక్కో వాక్యంగా ఆటను బయటికి వదులుతుంది. ఇంటికప్పుల మీదుగా తీగలు లాక్కుని ఒకదానితో ఒకటి ముడిపడిన పేటలన్నీ ఆడే ఫుట్‌బాల్ లీగు ఇది. ఒక్కో వీధికి ఒక్కో జట్టు. ఆ జట్టులో కల్పించిన మనిషి ఒక్కడూ ఉండకూడదు. వీధిలో బతుకుతున్నవాళ్ళే ఆడాలి, వీధి ఇచ్చిన అంకెలతోనే ఆడాలి. ఆ లీగుకున్న గొప్ప అదే, విషమూ అదే. ఏడాదికోసారి డొమినో బల్ల చుట్టూ అందరూ చేరి, పేరు పేరుకీ వేగమెంత, బలమెంత, ధైర్యమెంత, ఏకాగ్రత ఎంత అని ఇరవైకి లెక్కగట్టి, చేతులెత్తి ఖాయం చేస్తారు. ఖాయమైన అంకెను మధ్యలో ఎవరైనా ముట్టుకుంటే ఆ వీధి జట్టునే లీగులోంచి చెరిపేస్తారు. ఆ కంప్యూటరులో అంకెలుండే పెట్టెను తెరిచే రహస్యపదం జట్టు నడిపేవాడి దగ్గర ఉంటుంది, అంటే ఓస్నియెల్ దగ్గర, ముట్టుకోడన్న నమ్మకంతో. ముట్టుకున్నాడు. ఈ సాయంత్రం, కరెంటు పోవడానికి ఒక్క క్షణం ముందు, తన సొంత అన్న ఇదల్బెర్తో పేరు పక్కన, ఏకాగ్రత అన్న గడిలో ఆరు చెరిపి పద్నాలుగు వేశాడు. ఈరోజు గోల్ పడకుండా ఆపి డ్రా చేసుకుంటే చాలు, జట్టు పై తరగతిలో నిలబడుతుంది. ఓడితే కిందికి జారుతుంది. కాని అతడు పద్నాలుగు వేసింది జట్టు కోసం కాదు.

మధ్యాహ్నం మెట్లమీద చూశాడు గనుక వేశాడు. అన్న గది తలుపుకు తాళం వేసి, నాలుగు మెట్లు దిగి, ఆగి, మళ్ళీ ఎక్కి, తాళాన్ని పట్టి లాగి చూసి, మళ్ళీ దిగి, మళ్ళీ ఆగి, ఈసారి తలుపు తెరిచి లోపలికి పోయి గ్యాసు పొయ్యి మూతిని చేత్తో తడిమి వచ్చాడు. ఓడల రేవులో ఇరవైరెండేళ్ళు క్రేను నడిపిన మనిషి, గాలిలో ఊగే ఇనుపపెట్టెను కింద నిలబడ్డ కూలీ చొక్కా అంచు తగలకుండా దించిన మనిషి, ఒక పొయ్యిని నమ్మలేక, తన చేతిని నమ్మలేక, మెట్లమీద ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. "ఏంటన్నా, ఏమైనా మర్చిపోయావా?" అని ఓస్నియెల్ అడిగాడు, అడగకుండా ఉండవలసింది. "మర్చిపోయానో లేదో అదే తెలీట్లేదురా," అన్నాడు అన్న నవ్వుతూ. "రాత్రికి ఆట కదూ? నన్ను పక్కన కూర్చోబెట్టు. నా మీద పెట్టుకోకు. ఆరుగాణ్ణి నేను." ఆరుగాడు. ఆ మాట వీధి పెట్టింది, అన్న తొడుక్కున్నాడు, చొక్కాలా తొడుక్కున్నాడు, ఇప్పుడది చర్మంలా అయింది. అందుకే ఓస్నియెల్ గబగబా పైకొచ్చి తెర ముందు కూర్చున్నాడు, అందుకే గడిలో ఆ అంకె చెరిపాడు, అందుకే ఆ వేలు ఇంకా చల్లబడలేదు.

లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచి బాల్కనీలోకి పోయాడు. ట్యాంకుల వెనక ఆకాశం మామిడిపండు తొక్కలా ఉంది, పెద్దవీధి అవతల కిటికీలు ఒక్కొక్కటే పసుపుపచ్చగా వెలుగుతున్నాయి, అక్కడ కరెంటు ఉంది, అక్కడ కంప్యూటరు గురక పెడుతోంది, అక్కడి అన్న ఏ అన్న? ఆరా, పద్నాలుగా? నాలుగు సీజన్లుగా ఇదే పని, రక్షణ ఎందుకు నిలుస్తుంది, ఎందుకు కూలుతుంది అని ఆలోచించడం. కొత్తగా జట్టు నడిపే ప్రతివాడూ మొదట వేగాన్ని ప్రేమిస్తాడు. అతడూ ప్రేమించాడు. వేగం పద్దెనిమిది ఉన్న కుర్రాణ్ణి వెనక వరసలో నిలబెట్టి, ఇక ఎవడు దాటతాడో చూద్దామనుకున్నాడు. వాడు తప్పు చోటికి అందరికంటే ముందు చేరేవాడు. తరువాత బలాన్ని నమ్మాడు. బంతి గాలిలో ఉన్నంతసేపే బలానికి పని, నేలమీదికి దిగాక బలవంతుడు గది నడుమ పెట్టిన బీరువా, చుట్టూ తిరిగి పోవచ్చు. ధైర్యం ఇంకా చెడ్డది. మంగలి ఫెర్మీన్‌కి వీధి ముచ్చటపడి ధైర్యం పదిహేడు ఇచ్చింది. ఫెర్మీన్ ప్రతి బంతికీ తన చోటు వదిలి దూకి, అరవయ్యో నిమిషానికల్లా పసుపు కార్డు మెళ్ళో వేసుకుని, ఆ తరువాత దేన్నీ ముట్టుకోడానికి భయపడతాడు. ధైర్యం ఎక్కువైనవాడే చివరికి పిరికివాడయ్యేది ఆ ఆటలోనే చూశాడు, ఆ తరువాత బయటా చూశాడు. మెల్లగా తెలిసిందేమిటంటే, వెనక వరస నడుమ నిలిచే ఇద్దరి అంకెలూ ఒకదానికొకటి కూడవు. కంప్యూటరు ఇద్దరిలో తక్కువవాణ్ణి చూస్తుంది, బల్లకు ఒక కాలు పొట్టిదైతే మిగతా మూడూ ఎంత తిన్నగా ఉన్నా గ్లాసు దొర్లినట్టే. అన్నిటికంటే నెమ్మదిగా, అన్నిటికంటే కచ్చితంగా పనిచేసేది ఏకాగ్రత. మొదటి గంటలో దాని జాడే తెలియదు. ఆరున్నవాడూ పద్నాలుగున్నవాడూ ఒకేలా నిలబడతారు, ఒకేలా తలతో కొడతారు. కాళ్ళు అలిసే వేళకు, చివరి పావుగంటలో, ఆరున్నవాడి ఆరు ఇసుకలా జారిపోతుంది.

అంకెల జబ్బు మనుషుల మీదికీ పాకింది. బస్సు నడిపేవాడు బ్రేకు వేస్తే అంచనా పదకొండు అనుకుంటాడు, కాఫీ పోసే పిల్ల చిల్లర మరిచిపోతే ఏకాగ్రత ఎనిమిది. అప్పట్లో తనతో ఉండే లిసాండ్రా ఒకసారి అతడి భుజంమీద గడ్డం ఆనించి, "మరి నాకెంత?" అని అడిగింది; "ఓర్పు తొమ్మిది," అన్నాడు నిజాయితీగా; ఆమె పడీ పడీ నవ్వింది, వారం తిరక్కుండా వెళ్ళిపోయింది, తొమ్మిది సరిగ్గానే వేశానని అతడు కొంతకాలం గర్వపడ్డాడు కూడా. గర్వం, అవును, నిష్పక్షపాతపు గర్వం, సొంతవాడికి ఒక్క అంకె ఎక్కువ వెయ్యని గర్వం. డొమినో బల్ల దగ్గర అంకెలు ఖాయం చేసిన ఆ సాయంత్రం కూడా అతడి వెన్ను ఆ గర్వంతోనే నిటారుగా ఉంది. ఇదల్బెర్తో పేరు వచ్చింది. బలం పదిహేను, ఎవరూ కాదనలేదు. వేగం ఏడు, అన్నే ముందుగా నవ్వి ఒప్పుకున్నాడు. ఏకాగ్రత అనగానే బల్ల చుట్టూ ఒక చిన్న నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలోంచి మోటారు వాసన వచ్చింది. మేడకంతటికీ నీళ్ళు ఎక్కించే మోటారు అన్న చేతి కింద ఉండేది. ఒక రాత్రి వేసి, కుర్చీలో కునుకు తీశాడు. నీళ్ళు లేక, గొట్టం ఎండి, మోటారు తెల్లవార్లూ ఉత్తినే తిరిగి మాడిపోయింది. కొత్త తీగ చుట్టించేదాకా మూడంతస్తులవాళ్ళూ బకెట్లతో మెట్లెక్కారు. అప్పటికి నెలలు గడిచాయి, బకెట్లు ఎవరూ మరిచిపోలేదు.

"నాలుగు!" అన్నాడు ఫెర్మీన్, కత్తెర ఝళిపించినట్టు వేళ్ళు ఆడిస్తూ.

"నాలుగేంట్రా, పాపం, మనిషి కాడూ?" అన్నది కింది అంతస్తు జొరాయిదా, కాఫీ చప్పరిస్తూ. ఆమెకు ఫుట్‌బాలంటే గిట్టదు, బేస్‌బాల్ తప్ప ఆట కాదంటుంది, అయినా ప్రతి పంచాయతీకీ కుర్చీ తెచ్చుకుని వస్తుంది. "నా నడుం ఇప్పటికీ పట్టేసే ఉంది ఆ బకెట్లకి. అయినా సరే, ఒక రెండు కలపండి. ఆరు."

అందరూ నవ్వారు, అన్న కూడా నవ్వాడు, పెద్దగా, భుజాలు ఊగేలా. చేతులు లేచాయి. ఎవరైనా ఎక్కువ అడుగుతారా అని జట్టు నడిపేవాడు ఆగి చూడాలి, అది రివాజు. ఓస్నియెల్ ఆగలేదు. సొంత అన్న కోసం ఆగాడంటారని ఆగలేదు. "ఆరు, ఖాయం," అని తరువాతి పేరు చదివాడు. పేరు చదువుతూనే అన్న వైపు చూశాడు. నవ్వు పెదవులమీద ఇంకా ఉంది, కళ్ళు మాత్రం అక్కడ లేవు. ఆ మర్నాడే అన్న మోటారు గది తాళంచెవి జొరాయిదా చేతిలో పెట్టేశాడు. ఆ తరువాత డొమినో బల్ల మానేశాడు, ముక్కలు గుర్తుండవన్నాడు. ఆ తరువాత రేవులో క్రేను దిగి గోదాములో పని అడిగి తీసుకున్నాడు, మోకాళ్ళ నొప్పన్నాడు. పొయ్యి, తాళం, కొళాయి, మళ్ళీ పొయ్యి. ఇదంతా ఒక సాయంత్రపు సరదా. ఇరవైకి ఆరు.

ఎవరికి తెలుసు కంప్యూటరు అడగని గడులు ఎన్నున్నాయో. వాటిలో ఒకదానిలో తుపాను రాత్రి ఉంటుంది. ఓస్నియెల్‌కి ఏడేళ్ళు, అన్నకప్పుడు మీసాలు రాబోతున్నాయి. ఈ గదే, ఈ కిటికీయే. గడియ ఊడిపోయి చెక్కతలుపు లోపలికి పొంగుతుంటే అన్న దానికి వీపు ఆనించి, కాళ్ళు నేలకు తన్నిపెట్టి నిలబడ్డాడు. గాలి తలుపును కాదు, అన్న వీపును కొట్టింది రాత్రంతా. భయపడుతున్న తమ్ముడికి వినపడాలని అన్న గొంతెత్తి లేని బేస్‌బాల్ ఆటకు వ్యాఖ్యానం చెప్పాడు, ఎవడు బంతి విసిరాడు, ఎవడు కొట్టాడు, ఎవడు దొరికిపోయాడు, ఒక్క ఆటగాడి పేరు తప్పిపోకుండా, ఒక్క పరుగు లెక్క తప్పకుండా తెల్లవారేదాకా చెప్పాడు. ఆ రాత్రిని డొమినో బల్లమీద పెట్టి ఉంటే, నోరు విప్పి ఒక్కసారి పెట్టి ఉంటే, ఎన్ని చేతులు లేచేవో. తుపాను గుర్తున్నవాళ్ళు అక్కడ ముగ్గురో నలుగురో ఉన్నారు. పెట్టలేదు. ఇప్పుడు దొంగచాటుగా ఒక గడిలో పద్నాలుగు వేసి, ఆ రాత్రికి ఇది చెల్లు అనుకుంటున్నాడా? ఆ పద్నాలుగైనా చేరిందో లేదో. చేరితే ఎవరైనా పసిగడతారా? పసిగడితే వీధి జట్టే పోతుంది, అన్న పరువు ఇంకా పోతుంది, తమ్ముడు జాలిపడి దొంగ అంకె వేశాడంటారు, ఆరు కంటే హీనం అది. చేరకపోతేనే మేలు. లేదు, చేరాలి. చేరి ఉండాలి. చేతులు జేబులో పెట్టాడు, తీశాడు, రెయిలింగు పట్టుకున్నాడు, అది ఇంకా పగటి ఎండతో వేడిగా ఉంది.

కింద మెట్లలో గోల మొదలైంది. కరెంటు లేకపోయినా జొరాయిదా ఫోను పనిచేస్తుంది. పెద్దవీధి అవతల మిగ్దాలియా ఆమె మేనకోడలు. తెరమీద పడే ఒక్కో వాక్యాన్నీ మిగ్దాలియా ఫోనులో చదువుతుంది, జొరాయిదా గుమ్మంలో నిలబడి మెట్లలో కూర్చున్న వీధికంతటికీ కేక వేస్తుంది. ఓస్నియెల్ దిగి, రెండో మలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కింది మెట్టుమీద, అందరికంటే దూరంగా, రేకు కప్పు రెండు చేతులమధ్యా పట్టుకుని అన్న కూర్చున్నాడు. పైనుంచి అతడి మెడ వెనక భాగం కనబడుతోంది, ఎండకు కమిలి, గళ్ళు గళ్ళుగా పగిలిన మెడ. ఆ మెడకు ఏమీ తెలియదు. అది ఆరో పద్నాలుగో దానికే తెలియకుండా పెద్దవీధి అవతల పరుగెడుతోంది.

"ఉండండ్రా, మీ గోలలో నాకేం వినపడి చస్తుంది!" అన్నది జొరాయిదా. "మొదలైందట. బంతి మనవాళ్ళ దగ్గరుందట. ఇప్పుడు లేదట."

"పెద్దమ్మా, నేనేం చేస్తున్నానో అడుగు!"

"ఫెర్మీనూ, నువ్వు ఎవడి కాలో తన్నావట."

"నేనిక్కడ కూర్చుని ఉంటే?"

"ఎక్కడ కూర్చున్నా నీ కాలు ఊరుకోదు కదా నాయనా! పసుపు కార్డు ఇచ్చారు, తీసుకో."

మెట్లన్నీ నవ్వాయి. కొవ్వొత్తి వెలుగులో నీడలు గోడలమీద పెద్దవై ఊగాయి. ఎవరో వేయించిన క్రోకెట్ ఉండల పళ్ళెం చేతులు మారుతూ పైదాకా వచ్చింది, ఓస్నియెల్ ఒకటి తీసుకుని తినకుండా పట్టుకున్నాడు. ఇదల్బెర్తో తలతో కొట్టి బయటికి పంపాడట, అని కేక వచ్చింది. ఓహో అన్నారు. ఆరున్నవాడూ కొడతాడు, దీన్నిబట్టి ఏమీ తేలదు, బలం పదిహేను కదా. సగం ఆట అయ్యింది. గోల్ లేదు. కాఫీ వచ్చింది. మళ్ళీ మొదలైంది. వాళ్ళ పొడుగువాడు బంతిని మనవాళ్ళ నడుమనుంచి పంపాడట, ఇదల్బెర్తో ముందే కనిపెట్టి మధ్యలో అడ్డుపడ్డాడట. ముందే కనిపెట్టి! ఓస్నియెల్ ఒక మెట్టు దిగాడు. ఆ వాక్యాన్ని అతడెరుగు, ఆ వాక్యం ఆరున్నవాడికి ఈ వేళప్పుడు దొరకదు, ఆరున్నవాడికి 'ఎలాగో అడ్డుపడ్డాడు' అని వస్తుంది. లేదా వస్తుందా? ఎప్పుడో ఒకసారి, పాచిక ఇష్టపడితే, ఆరున్నవాడికీ రాదా? వేలిని బొటనవేలితో నొక్కుకుంటున్నాడు. కింద అన్న మెడ కొంచెం ఎత్తింది. ఎవరో అన్న వీపు చరిచారు. "ఏం తాగావు బాబూ ఇవాళ?" అన్నారు. అన్న ఏదో గొణిగి తల అడ్డంగా ఊపాడు, కాని కప్పును పక్కన మెట్టుమీద పెట్టాడు, చేతులు మోకాళ్ళమీద పెట్టుకుని, రేవులో క్రేను పిడులు పట్టుకునే తీరులో కొంచెం ముందుకు వంగి, వినసాగాడు.

చివరి పావుగంట. వాళ్ళు కమ్ముకుంటున్నారు, మనవాళ్ళు వెనక్కి జరుగుతున్నారు, కార్నరు, మళ్ళీ కార్నరు, గోల్‌కీపరు బంతిని గుద్దాడు, ఇదల్బెర్తో తన్నేశాడు, ఫెర్మీన్ భయపడి ముట్టుకోలేదు, "ముట్టుకోరా వెధవా!" అని ఫెర్మీన్ తన్ను తానే తిట్టుకున్నాడు. ఎనభై దాటింది. ఇసుక జారే వేళ. జారవద్దు. పద్నాలుగైతే జారదు, జారినా పదైనా మిగులుతుంది. ఇంక రెండు వాక్యాలు, మూడు వాక్యాలు, ఆ తరువాత ఈ మెట్లన్నీ అన్న పేరు అరుస్తాయి, అన్న నమ్మీ నమ్మక తలెత్తి చూస్తాడు. ఎంతో అక్కరలేదు, ఒక్క సాయంత్రం అరిస్తే చాలు, రేపు తాళం వేసి మెట్లు దిగి వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోతే చాలు. ఇంత చిన్న కోరిక. దీనికోసం ఒక దొంగతనం.

జొరాయిదా ఫోను చెవికి ఆనించుకుని, పెదవులు బిగించింది.

"ఏమైంది పెద్దమ్మా? చెప్పవేం?"

"చెప్తున్నా ఉండు." ఆమె గొంతు తగ్గింది. "వాళ్ళవాడు వెనకనుంచి దూరాడట. మన... మన ఇదల్బెర్తో ఒక్క క్షణం పక్కకి చూశాడట. ఆ ఒక్క క్షణమే. గోలు." మళ్ళీ కాసేపు విని, "అయిపోయిందట," అన్నది.

"ఆరు!" అని కేకపెట్టాడు ఫెర్మీన్, తొడ చరుచుకుని. "ఆరంటే ఆరే! వీధి లెక్క ఎప్పుడన్నా తప్పిందా?" నవ్వారు, క్రూరంగా కాదు, ఓడిన బాధను ఎక్కడో పెట్టాలి గనుక నవ్వారు. అన్న కూడా నవ్వాడు, పెద్దగా, భుజాలు ఊగేలా, ఆ డొమినో బల్ల నాటి నవ్వే. "మధ్యాహ్నమే చెప్పానురా మావాడికి, నా మీద పెట్టుకోకని," అన్నాడు. చేతులు మోకాళ్ళమీంచి లేచి కప్పును వెతుక్కున్నాయి. అప్పుడు, ఎవరూ అడగకుండా, ఎవరూ ఎదురుచూడకుండా, మెట్లమీది బల్బు కళ్ళు పొడిచినట్టు వెలిగింది. "వచ్చిందీ!" అని వీధంతా ఒక్కసారి లేచింది, ఓటమి అక్కడే మెట్లమీద వదిలేసి ఎవరి ఫ్రిజ్ దగ్గరికి వాళ్ళు, ఎవరి పంకా దగ్గరికి వాళ్ళు పరుగెత్తారు.

ఓస్నియెల్ రెండేసి మెట్లు ఎక్కాడు. కంప్యూటరు మేలుకోవడానికి ఎంతసేపు, తీగ అవతలి మనుషుల్ని పోల్చుకోవడానికి ఎంతసేపు, రహస్యపదం తప్పు కొట్టి మళ్ళీ మొదటినుంచీ ఎంతసేపు. ఆరై ఉండాలి. ఇప్పుడు ఆరై ఉండాలి. ఆరైతే తప్పంతా అంకెది, దారిలో చచ్చిన పద్నాలుగుది, కరెంటుది. ఆరైతే అన్నకు మనసులోనైనా ఒక సాకు మిగులుతుంది, తనకూ మిగులుతుంది. గడులు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. బలం పదిహేను. వేగం ఏడు. ఏకాగ్రత పద్నాలుగు.

చేరింది. ఆ రెప్పపాటులో చేరింది, అంత దూరమూ పాకి చేరింది. పద్నాలుగున్న అన్నే పక్కకి చూశాడు. ఇరవైకి పద్నాలుగంటే ఇంకా ఆరు మిగిలే ఉంటాయని, ఆ ఆరింటిలో ఎప్పుడైనా ఎవడైనా దూరిపోవచ్చునని, ఇరవై ఉన్నవాణ్ణి ఏ వీధిలోనూ తను చూడలేదని, ఇదంతా నాలుగు సీజన్లుగా తెలిసినదే. పంకా గాలి మెడమీద తగులుతోంది. వెనక చెప్పుల చప్పుడు. ఓస్నియెల్ తెర మీట నొక్కి ఆర్పాడు. గుమ్మంలో అన్న నిలబడి ఉన్నాడు, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు ద్వారబంధాన్ని పట్టుకుని.

"జట్టు కిందికి పోయినట్టేనా?"

"పోయినట్టే అన్నా. వచ్చే ఏడాది మళ్ళీ ఎక్కొచ్చు."

"ఊఁ." అన్న కిటికీ వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "ఒక మాట అడుగుతా, నవ్వకు. నీకు వీటి లోతు తెలుసు కదా. ఆ ఆరు కాకుండా, ఏ పద్నాలుగో ఉండుంటే..." తనకే సిగ్గేసినట్టు ఆగాడు. "పద్నాలుగు ఎక్కువలే. ఏదో ఒక పదో పన్నెండో. ఆపేవాణ్ణంటావా?"

అన్న నోట ఆ అంకె ఎలా వచ్చిందో, ఎందుకొచ్చిందో తెలియదు. సరిగ్గా ఎదుటివాడి మేలు కోరి వేసే అంకెలాగే ఉంది అది, ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఓస్నియెల్ వీపుకు ఆర్పిన తెర ఇంకా వెచ్చగా తగులుతోంది. నిజం చెబితే నిజాయితీ. లిసాండ్రాకు చెప్పినట్టు, బల్ల దగ్గర చెప్పినట్టు, వెన్ను నిటారుగా పెట్టి చెప్పవచ్చు. వెన్ను నిటారుగా పెట్టలేకపోయాడు.

"ఆపేవాడివి," అన్నాడు.

"నిజంగానా?"

"నిజంగా అన్నా. ఆ క్షణం పక్కకి చూసింది నువ్వు కాదు, ఆ ఆరు. పద్నాలుగైతే వాణ్ణి గీత దాటనిచ్చేవాడివా నువ్వు?"

అన్న ద్వారబంధం మీంచి చేయి తీశాడు. "అదే," అన్నాడు మెల్లగా, "అదే నేనూ అనుకుంటున్నా. వాడు కుడివైపునుంచి వస్తున్నాడని నాకు ముందే అనిపించింది తెలుసా, ఆవిడ చెబుతుంటేనే అనిపించింది." గిరుక్కున తిరిగాడు, మెట్లు దిగసాగాడు, ఆగలేదు, దిగుతూనే గొంతెత్తాడు, తుపాను రాత్రి తరువాత ఆ గొంతు అంత గట్టిగా ఎప్పుడూ విన్న గుర్తులేదు: "ఒరేయ్ ఫెర్మీనూ! బయటికి రా! మావాడు లెక్కేసి చెప్పాడు, పద్నాలుగిస్తే ఆపేవాణ్ణట! వచ్చే పంచాయతీలో ఎవడు నాలుగంటాడో నేనూ చూస్తా, ముందు నీ పదిహేడు సంగతి తేల్చాలి!" కిందినుంచి ఫెర్మీన్ ఏదో అన్నాడు, జొరాయిదా తలుపు తెరుచుకుంది, "బాగా అడిగావు నాయనా, వాడి ధైర్యం నేను చూళ్ళేదూ," అన్నది, ఎవరో ఈల వేశారు, అన్న ఇంకా గట్టిగా అందుకున్నాడు.

ఓస్నియెల్ తెరను మళ్ళీ వెలిగించాడు. గడిలో పద్నాలుగు అలాగే నిలబడి ఉంది, లోకంలో దాన్ని చూసినవాడు తనొక్కడే. కింద అన్న అరుస్తున్న మాట నిజంగా నిలవాలంటే అక్కడ ఆరే ఉండాలి, మొదటినుంచీ ఆరే ఉండి ఉండాలి. చెరిపాడు. ఆరు వేశాడు. పచ్చటి అక్షరాలు, ఒక రెప్పపాటు ఆలస్యంగా, వచ్చాయి.